వారసత్వపు ఆస్తి – ప్రభుత్వ సహాయపు అర్హత

ఇంటి పెద్ద కన్నుమూసి నలభై దినాలైనా గడవకముందే కొన్ని ఇళ్ళలో ఒక గుసగుస బయలుదేరుతుంది: "ఆస్తి పంచుకొంటే కార్డు పోతుందేమో, పిల్లల సర్టిఫికెట్టు పోతుందేమో!" ఈ భయం వల్ల పంపకం ఏళ్ళ తరబడి ఆగిపోవటమో, ఆడపిల్లల చేత హక్కు వదలుకొన్నట్లు సంతకాలు చేయించటమో జరుగుతున్నది. ఆ భయంలో నిజమెంతో పరిశీలించుటకే మేము ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ముందుగా ఒక భేదాన్ని గ్రహించాలి. ఆస్తి వేరు, ఆదాయం వేరు. వారసత్వంగా లభించిన ఇల్లుగాని రొక్కంగాని ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో ఆదాయం కాదు. మృతుల ఆస్తిపై విధించే ఎస్టేట్ డ్యూటీ సైతం 1985లోనే రద్దయినది. అయితే ఆ ఇంటిపై వచ్చే అద్దె, ఆ రొక్కంపై బ్యాంకు ఇచ్చే వడ్డీ వారసుని ఆదాయమే. కనుక ఆదాయాన్ని మాత్రమే చూచే స్కాలర్‌షిప్పుకు ఖాళీ స్థలం అడ్డు రాదు. అద్దెకిచ్చిన దుకాణం అడ్డు రావచ్చును.

ఆస్తిని కూడ కొలిచే పథకాల సంగతి వేరు. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు 3.5 ఎకరాల మాగాణి లేక 7.5 ఎకరాల మెట్ట హద్దుగా నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి నిబంధనలు 3 ఎకరాల మాగాణి, 10 ఎకరాల మెట్ట అన్నాయి.

విద్యార్థులకు మరింత ముఖ్యమైనది, ఇతర రిజర్వేషన్ల పరిధిలోకి రాని బీద కుటుంబాలకు 2019లో కేంద్రం కల్పించిన 10 శాతం కోటా. కేంద్ర సంస్థల సీట్లకు, కొలువులకు దీనిని కోరేవారి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. అంతటితో సరిపోదు. 5 ఎకరాల సేద్యపు భూమి, 1000 చదరపు అడుగుల ఫ్లాటు, నోటిఫైడ్ మునిసిపాలిటీలో 100 చదరపు గజాల ఇంటిస్థలం, ఇతర చోట్ల 200 గజాలు – వీటిలో ఏ ఒక్కటి ఆ మేరకుగాని అంతకు మించిగాని ఉన్నా అర్హత లేదు. కుటుంబమంటే అభ్యర్థి, తల్లిదండ్రులు, 18 ఏళ్ళు నిండని తోబుట్టువులు, భార్య లేక భర్త, 18 ఏళ్ళు నిండని సంతానం. వీరందరి ఆస్తినీ కలిపి చూస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాము. పట్టణంలో 240 గజాల ఖాళీ స్థలం మాత్రం విడిచి తండ్రి మరణించినాడు. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు మిగిలినారు. మన షరియత్ ప్రకారం అంత్యక్రియల ఖర్చులు, అప్పులు ముందుగా తీరాలి. తల్లికి చెల్లించని మెహర్ కూడ అప్పే. ఈ మాట చాలామంది మరచిపోతారు! తరువాత వసీయత్, అది మూడవ వంతుకు మించరాదు. ఇవేమీ లేవనుకొంటే తల్లికి ఎనిమిదవ వంతు, అనగా 30 గజాలు. మిగిలిన 210లో కుమారునికి 105, కుమార్తెలకు చెరి 52.5.

తండ్రి జీవించియుండగా 240 గజాల వల్ల పిల్లలెవరికీ అర్హత లేదు. ఇప్పుడు అందరూ 18 నిండినవారైతే కుమార్తె లెక్కలో తన వాటా, తల్లి వాటా కలిసి 82.5 గజాలే; ఆమెకు అర్హత వచ్చినది. కుమారుని లెక్క 135, అతనికి రాలేదు. చెల్లెలికి 18 నిండకపోతే అక్క లెక్క కూడ 135కు పెరుగుతుంది; ఆ వయస్సు దాటిననాడు మళ్ళీ తగ్గుతుంది.

పంపకం వాయిదా వేసినందున ప్రయోజనమేమి? మన ధర్మశాస్త్రంలో వారసుని వాటా మరణ క్షణంలోనే సంక్రమిస్తుంది. కాగితం వ్రాయనంత మాత్రాన అది లేకుండా పోదు. ఇక కుమార్తె తన వాటాను అన్నకు వ్రాసి ఇస్తే? ఆమెకు అర్హత అదివరకే ఉన్నది. అన్న హద్దు దాటియే ఉన్నాడు, ఇంకా దాటుతాడు. సర్టిఫికెట్టు ఏటేటా క్రొత్తగా తీసుకొనేది, పోగొట్టుకొన్న 52.5 గజాలు మాత్రం తిరిగి రావు.

వాటా దాచి దరఖాస్తు పెట్టటం వేరొక ప్రమాదం. అబద్ధపు ధ్రువీకరణ బయటపడితే సీటు గాని, ఉద్యోగం గాని ఎన్నేళ్ళ తరువాతనైనా రద్దు కావచ్చును. అందుచేత మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వాటాలు తెలిపే పత్రం సిద్ధం చేసుకొని, ఎవరి పేర ఎంత ఉన్నదో తహసీలు కార్యాలయంలో ముందుగానే చూపటం మంచిది. దరఖాస్తుల గడువుకు రెండు నెలల ముందే ఈ పని మొదలుపెట్టాలి.