తుంచకండి, తవ్వండి

వానాకాలం మొదట్లో ఉరుములతో నాలుగు వానలు పడితే మా వైపు ఆడవాళ్లు చెలక గట్ల వెంట పుట్టకొక్కులు వెతుకుతారు. మా అమ్మమ్మ కొక్కును ఎన్నడూ తుంచనిచ్చేది కాదు, తవ్వించేది. ఎంత సరైన పద్ధతో చదువుకున్నాకే తెలిసింది. పుట్టకొక్కు కాడ మట్టిలోకి వేరులా సాగి చెదల గూటిదాకా పోతుంది. నమిలిన కట్టె, ఆకుల ముద్ద మీద చెదలు పెంచే బూజే వానలకు ఇలా గొడుగై పైకి లేస్తుంది. ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని రోజర్ హైమ్ 1942లో పేరు పెట్టాడు.

దొరికింది పుట్టకొక్కేనా అని తేల్చుకోవడానికి ముందు గొడుగు నడుమ మొనదేలిన బుడిపె చూడండి. తర్వాత గొడుగును తెల్లకాగితంపై బోర్లించి, రాత్రంతా గిన్నెతో మూసి ఉంచండి. లేత గులాబీ పొడి రాలాలి. ఆకుపచ్చగా రాలితే అది క్లోరోఫిల్లమ్, వాంతులు విరేచనాలు తప్పవు. లేతప్పుడు దాని రేకులూ తెల్లగానే ఉంటాయి, అక్కడే జనం మోసపోతారు. కాడ అడుగున సంచిలాంటి తొడుగుంటే ముట్టనే వద్దు. అలాంటి తొడుగుండే అమానిటాల్లో కొన్ని కాలేయాన్ని చంపేస్తాయి, ఉడికించినా ఆ విషం పోదు.

వెండి చెంచా నల్లబడలేదనో, ఫోన్లో ఫొటోతో పోలిందనో వండకండి. ఏళ్ల తరబడి ఏరినవాళ్లు చేత్తో పట్టి చూశాకే పొయ్యి మీద పెట్టండి.