అండమాన్‌లో మూగవోతున్న ఆదిమ గీతం
స్మారకాల నగరంలో తొలి నివాసుల గొంతు వినిపించేదెన్నడు?

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చింది. పేరు మారినా ఆ నగరానికి వెళ్లే పర్యాటకుల తొలి గమ్యం సెల్యులార్ జైలే. 1906లో నిర్మాణం పూర్తయిన ఈ కారాగారం 1979లో జాతీయ స్మారకమైంది. ఇక్కడి ధ్వని కాంతి ప్రదర్శనలో ఆవరణలోని రావిచెట్టే కథకుడై స్వాతంత్ర్య వీరుల కడగండ్లను వినిపిస్తుంది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఇక్కడ ఖైదు అనుభవించిన వారే. కళారూపం చరిత్రను ప్రజలకు ఎంత చేరువ చేయగలదో చెప్పడానికి ఈ ప్రదర్శన చక్కని ఉదాహరణ.

అయితే ఇదే నేలకు మరో చరిత్ర ఉన్నది. బ్రిటిష్ వారు 1858లో ఇక్కడ శిక్షాస్థావరం నెలకొల్పే నాటికి గ్రేట్ అండమానీలు సుమారు 5 వేల మంది ఉండేవారని అంచనా. తమ అడవులు నరికివేతకు గురికాగా వారు 1859 మే 17న అబెర్డీన్ వద్ద బ్రిటిష్ వారిపై తిరగబడ్డారు. విల్లంబులు తుపాకుల ముందు నిలవలేదు. అటుపై 1877లో ప్రబలిన తట్టు వంటి అంటువ్యాధులు తెగను తుడిచిపెట్టాయి. 1961 జనగణన నాటికి మిగిలినవారు 19 మంది. 1970 ప్రాంతంలో వారిని స్ట్రెయిట్ ద్వీపానికి తరలించారు. అబెర్డీన్ పోరాటానికి నగరంలో స్మారక స్తంభం ఉన్నది. మానవశాస్త్ర ప్రదర్శనశాలలో ఆదిమ తెగల పనిముట్లు అద్దాల వెనుక కనిపిస్తాయి. కానీ వారి గొంతు వినిపించదు.

బోవా పాడిన పాట

ఆ గొంతును భద్రపరచే పనికి భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి 2005లో పూనుకున్నారు. ఒకప్పుడు గ్రేట్ అండమానీల పది శాఖలకు పది భాషలుండేవి. ‘బో’ భాష తెలిసిన చివరి వ్యక్తి బోవా సీనియర్ అనే వృద్ధురాలు ఆమెకు పాటలు పాడి వినిపించారు. తన భాషలో బదులిచ్చే మనిషి లేక పక్షులతో మాట్లాడుకున్న ఆ వృద్ధురాలు 2010 జనవరిలో సుమారు 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అబ్బి సేకరించిన కథలు, పాటలు 2021లో గ్రంథరూపం దాల్చాయి. పది కథలు, నలభై ఆరు పాటలు: ఒక జాతి సాహిత్య సంపదలో చేతికందినది అంతే. తెగలోని పిల్లల నోట నేడు పలికేది హిందీ.

ఇది భావుకతకు మాత్రమే పరిమితమైన నష్టం కాదు. శరీర భాగాల విభజన ఆధారంగా వ్యాకరణం నిర్మించుకున్న భాష అది. అలాంటి భాష అంతరిస్తే మానవ మేధ ఎంచుకున్న ఒక మార్గమే మూసుకుపోతుంది. పెద్దలు నోటిమాటగా అందించే జ్ఞానం ప్రాణాలు కాపాడుతుందని 2004 డిసెంబరు 26 నాటి సునామీ రుజువు చేసింది. లిటిల్ అండమాన్‌లోని ఒంగీ తెగవారు సముద్రం తీరు గమనించి ఎత్తయిన ప్రదేశాలకు చేరుకుని బయటపడ్డారు.

వలస వచ్చినవారి భాషల పరిస్థితి వేరు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వచ్చినవారి కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. సంఖ్యాబలమే వారి భాషకు, పండుగలకు అండ. వారందరికీ చోటిచ్చిన నేల భాషకు మాత్రం ఆ అండ కరువైంది.

గ్రేట్ నికోబార్‌లో పరీక్ష

ఇప్పుడు అదే ప్రశ్న దక్షిణాన గ్రేట్ నికోబార్ ముందు నిలిచింది. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్టణంతో కూడిన భారీ పథకానికి తొలి అంచనా వ్యయం 72 వేల కోట్ల రూపాయలు. దీనికి సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి కావాలి. వ్యూహాత్మక ప్రాధాన్యం, ఉపాధి దీని సమర్థకుల వాదన. షోంపెన్‌లు, నికోబారీలు తరతరాలుగా ఉన్నది ఈ ద్వీపంలోనే. సునామీ తర్వాత పునరావాస కాలనీలకు చేరిన నికోబారీలు పూర్వీకుల గ్రామాలకు తిరిగి వెళ్లాలని కోరుతున్నారు. వారి గిరిజన మండలి తానిచ్చిన నిరభ్యంతర పత్రాన్ని 2022 నవంబరులో ఉపసంహరించుకున్నది.

పథకం లాభనష్టాలను లెక్కించేవారు రూపాయలను, హెక్టార్లను లెక్కిస్తారు. ఒక భాష, ఒక పాట ఆ పట్టికలోకి ఎక్కవు. గ్రేట్ అండమానీల విషయంలో పరిశోధకులు వచ్చేసరికి గాయకులు దాదాపు మిగలలేదు. గ్రేట్ నికోబార్‌లో గాయకులింకా ఉన్నారు. వారి పాటను భద్రపరచడం ఎంత అవసరమో, ఆ పాటకు ఆధారమైన నేల గురించి వారి మాట వినడం అంతకంటే ముందు అవసరం.