వారి కథ వారి నోటనే వినవలయును

మన గృహములలో వృద్ధుల ముచ్చట్లను వినుట కలదు. పసివారి పలుకులను నలుగురికి చెప్పుకొని మురియుటయు కలదు. కాని బుద్ధివికాసము కొఱవడిన బిడ్డ యింట పెరిగి పెద్దదైనచో, ఆమె కథను ఆమెనే యడిగి వినువారెందఱు? తల్లి చెప్పును, వైద్యుడు వ్రాయును, ఇరుగుపొరుగువారు జాలిపడుదురు. ఆమెకు స్వయముగా చెప్పుకొనవలసినది లేదని యందఱును తలంతురు. ఈ తలంపు సరికాదని ఇంగ్లండు దేశమున నొక స్త్రీ నిరూపించినది.

ఆమె పేరు మేబెల్ కూపర్. 1944వ సంవత్సరమున జన్మించి, పసితనముననే తల్లికి దూరమై శరణాలయములలో పెరిగెను. పిమ్మట ఆమెను కేటరం అను నూరిలోని సెయింట్ లారెన్స్ ఆసుపత్రిలో చేర్చిరి. అది పేరునకు ఆసుపత్రియే గాని, స్వస్థపఱచి యింటికి పంపు స్థలము గాదు. బుద్ధిహీనులని ముద్రపడినవారిని లోకమునకు దూరముగా నుంచుటకై అట్టివి ఆ దేశమున ననేకములుండెడివి. మేబెల్ అందు సుమారు ఇరువదియేండ్లు గడపెను.

బయటికి వచ్చిన పిదప, సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు చెందిన డొరొతీ అట్కిన్సన్ ఆమె మాటలను ధ్వనియంత్రమున నెక్కించి, వ్రాసి, తిరిగి ఆమెకే చదివి వినిపించెను. చదువురాని మేబెల్ ఆ విధముగా గ్రంథకర్త్రి యయ్యెను. ఆ జీవితకథ 1997వ సంవత్సరమున ‘ఫర్గాటెన్ లైవ్స్’ అను గ్రంథములో వెలువడెను. ఆమె తన్ను గూర్చిన పాత దస్త్రములనుగూడ వెదకించి, అందలి కఠినపదములను వినెను. దస్త్రము ఆమెకు పెట్టిన పేరును మాత్రమే యెఱుగును. ఆమె పడినపాట్లను ఆమెయే యెఱుగును. 2010వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమే ఆమెకు గౌరవపట్టము నొసగెను. 2013వ సంవత్సరమున ఆమె మరణించెను.

ఆ యాసుపత్రిలోనే జోయీ డీకన్ అనునతడుండెను. అంగవైకల్యముచే అతని మాట యితరులకు తెలియకుండెను. ఎర్నీ రాబర్ట్స్ అను మిత్రునికి మాత్రము తెలియును. ఎర్నీ చెప్పగా నొకడు వ్రాసెను, మఱియొకడు టైపుచేసెను. 1974వ సంవత్సరమున ఆ పుస్తకము ప్రకటింపబడెను. మాట మనకు తెలియనంతమాత్రమున తలంపు లేదనుకొనరాదు గదా!

సోదరీమణులారా! మన యింటనో బంధువులయింటనో నిట్టివారున్నచో, వారి కథను వినుటకు పెద్దచదువు లక్కఱలేదు, ఓర్పు కావలయును. ఏ సంవత్సరమున జరిగినదని యడిగిన వారు తికమకపడుదురు. పాత పటమునో, పెట్టెలోని చీరనో, పండుగ పిండివంటనో చూపి యడిగిన జ్ఞాపకములు కదలును. లోబడుటకే యలవాటుపడినవారు ప్రతిప్రశ్నకును ఔననుట కలదు. కావున ‘అక్కడ బాగుగా నుండెనా?’ అని యడుగక, ‘అక్కడ ఎట్లుండెను?’ అని యడుగవలయును. ఒకనాడే ముగింప చూడరాదు. వ్రాసినదానిని చదివి వినిపించి, వలదన్నదానిని కొట్టివేయవలయును. ఇతరులకు చూపుటకు ముందు వారి సమ్మతిని పొందవలయును; ఆ సమ్మతిని మఱునాడు మరలించుకొనుటకును వారికి హక్కు కలదు.

తల్లి జ్ఞాపకమొకటియు బిడ్డ జ్ఞాపకమొకటియు నైనచో నేమిచేయవలయును? రెండింటిని వేర్వేరుగా వ్రాయుడని మేము చెప్పుదుము. బిడ్డమాటను దిద్దినచో మిగులునది మరల తల్లికథయే. తల్లిదండ్రులు గతించిన పిదప ఆ బిడ్డను చేరదీయువారికి, ఆమె కేది ప్రీతియో, దేనికి భయపడునో, ఎవరిని తలచుకొనునో తెలుపుటకు ఆమె మాటలతోనున్న యా కాగితములే యాధారము.