జరీనా లీ నడిచిన మైళ్లు

1819. ఫిలడెల్ఫియాలోని బెతెల్ చర్చిలో రెవరెండ్ రిచర్డ్ విలియమ్స్ యోనా గ్రంథం నుంచి వాక్యం చెబుతున్నాడు. మధ్యలో తడబడ్డాడు. ప్రసంగం ముందుకు సాగడం లేదు. అంతలో సంఘంలోంచి ఓ నల్లజాతి విధవరాలు లేచి అదే వాక్యాన్ని అందుకుంది. దేవుడు వెళ్లమన్న చోటికి వెళ్లకుండా యోనా తప్పించుకున్నాడు కదా, నేనూ అలాగే ఎనిమిదేళ్లుగా పిలుపును దాటవేస్తున్నానంది. కూర్చున్నాక గుండె దడ మొదలైంది. ఆరాధన మధ్యలో ఆడమనిషి గొంతెత్తినందుకు సంఘం నుంచి వెలివేస్తారేమోనని భయం.

లేచి నిలబడింది బిషప్ రిచర్డ్ అలెన్. ఎనిమిదేళ్ల కిందట ఈమె నా దగ్గరికొచ్చి ప్రసంగించే అనుమతి అడిగింది, అప్పట్లో నేనే పక్కన పెట్టాను. ఈమెకు పిలుపు ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను అని అందరి ముందూ చెప్పాడు.

ఆమె పేరు జరీనా లీ. 1783లో న్యూజెర్సీలోని కేప్ మేలో, బానిసత్వంలో లేని నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఏడేళ్లకే కన్నవాళ్లకు 60 మైళ్ల దూరాన ఓ ఇంట్లో పనిపిల్లగా చేరింది. ఫిలడెల్ఫియాలో అలెన్ ప్రసంగం విన్నాక, తాను వెతుకుతున్న సంఘం ఇదేనని తేల్చుకుంది. అలెన్ సామాన్యుడు కాడు. బానిసగా పుట్టి, డబ్బు కట్టి స్వేచ్ఛ కొనుక్కున్నవాడు. తెల్లవాళ్ల మెథడిస్టు చర్చిలో అవమానాలు భరించలేక బయటికొచ్చి, 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘాన్ని స్థాపించినవాడు. అంతటి మనిషి కూడా ఆమె మొదటిసారి అడిగినప్పుడు, మన నియమావళిలో ఆడవాళ్ల ప్రసంగాల ఊసే లేదన్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గుమ్మం బయట నిలబడటం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే ఆమెను గుమ్మం బయట నిలబెట్టారు.

పునరుత్థాన వార్తను మొదట చాటింది మరియ కాదా? రక్షకుడు మగవాళ్లతో పాటు ఆడవాళ్ల కోసమూ ప్రాణం పెట్టలేదా? ఆ తర్వాత తన పుస్తకంలో ఆమె వేసిన ప్రశ్నలివి.

ఈలోగా 1811లో పాస్టర్ జోసెఫ్ లీతో పెళ్లయింది. ఆరేళ్లు తిరిగేసరికి భర్తతో సహా ఇంట్లో ఐదుగురు పోయారు. ఇద్దరు పసిబిడ్డలు మిగిలారు. అలెన్ ఒప్పుకున్నాక, బిడ్డలను అయినవాళ్లకు అప్పగించి ప్రసంగాలు చేస్తూ ఊళ్లు పట్టుకు తిరిగింది. కొడుకు కొంతకాలం అలెన్ ఇంట్లోనే పెరిగాడు.

ఒక్క ఏడాదిలో 2,325 మైళ్లు తిరిగి, 178 ప్రసంగాలు చేసినట్టు ఆమె లెక్క రాసుకుంది. అంటే సుమారుగా రోజు విడిచి రోజు ఒక ప్రసంగం. అందులో కాలినడక కొంత, పడవలూ బండ్లూ కొంత. బానిసత్వం అమల్లో ఉన్న మేరీలాండ్‌కూ వెళ్లింది. ఆమె వాక్యం వినడానికి బానిసలు మైళ్లకు మైళ్లు నడిచి వచ్చేవారు. నల్లవాళ్లకు ఆత్మే లేదని వాదించే ఓ ముసలి బానిస యజమాని ఒకచోట కూటానికి వచ్చి, ఆమెను బెదరగొట్టాలని సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. ఆమె బెదరలేదు. వాక్యం పూర్తిగా చెప్పింది. ఆ తర్వాత అతను నల్లవాళ్లకూ ఆత్మ ఉందని ఒప్పుకునేదాకా వచ్చాడని ఆమె రాసింది.

సంఘం ఆమెకు మాట్లాడే అనుమతి ఇచ్చింది కానీ పాస్టరుగా అభిషేకించలేదు. కొందరు పాస్టర్లు తమ చర్చిలో అడుగు పెట్టనివ్వలేదు. మైళ్లూ ప్రసంగాలూ అంత పట్టుదలగా ఎందుకు లెక్కబెట్టిందో దీన్నిబట్టి అర్థమవుతుందనుకుంటాను. చేతిలో పదవీ పత్రం లేని మనిషికి చేసిన పనే రుజువు.

1836లో 38 డాలర్లు పెట్టి తన జీవితకథను వెయ్యి ప్రతులు అచ్చు వేయించింది. కూటాల దగ్గర తానే అమ్మింది. ఆ కథను పెంచి రాసి ఇస్తే, అర్థం కాకుండా ఉందంటూ సంఘం ప్రచురణ విభాగం తిప్పికొట్టింది. ఆమె ఆగలేదు. 1849లో సొంతంగా అచ్చు వేయించింది. మూడేళ్లకు, 1852లో, ఆడవాళ్లకు ప్రసంగించే లైసెన్సు ఇవ్వరాదని సంఘ మహాసభ తీర్మానించింది.

అదే సంఘం 2000లో వాష్టీ మర్ఫీ మెకెంజీని తొలి మహిళా బిషప్‌గా ఎన్నుకుంది. జరీనా 1836 నాటి జీవితకథను అప్పటికే 1986లో ఇండియానా విశ్వవిద్యాలయ ముద్రణాలయం, జిల్ఫా ఎలా, జూలియా ఫుట్ అనే మరో ఇద్దరు నల్లజాతి బోధకురాళ్ల ఆత్మకథలతో కలిపి ఒకే సంపుటిగా తెచ్చింది.