వంద కోట్ల ఎకరంలో అద్దె గది ఎక్కడ?

2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలం పాట పెడితే ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లు పలికింది. అంటే గుంట రెండున్నర కోట్లు, గజం రెండు లక్షల పైమాట. అదే కోకాపేటలో రెండేళ్ల ముందు, 2021లో అత్యధిక పాట 60 కోట్ల దగ్గర ఆగింది. ఈ అంకెలు వచ్చినప్పుడల్లా నగరం సంబరపడింది. సంబరంలో తప్పు లేదు. కానీ ఆ ఎకరంలో లేచే భవనానికి ఇటుక మోసేవాళ్లు, తర్వాత అందులో అంట్లు తోమేవాళ్లు, గేటు దగ్గర రాత్రంతా నిలబడేవాళ్లు ఎక్కడ ఉంటారన్న ప్రశ్న ఏ పాటలోనూ రాలేదు.

హైదరాబాద్ పడమర ఒక్కరోజులో ఇలా కాలేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2001లో ఐఎస్‌బీ వచ్చింది. 2008లో ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క మొదలైంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు పూర్తయ్యేసరికి నార్సింగి, కోకాపేట, పుప్పాలగూడ, మంచిరేవుల ఊళ్లు కావు, లొకేషన్లు. ఇక్కడ స్థలాన్ని బట్టి ఎంత కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి కూడా లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ లెక్క కుదిరితే ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు. అందుకే ముప్పై, నలభై, యాభై అంతస్తుల టవర్లు పక్కపక్కనే లేస్తున్నాయి. మెట్రో మాత్రం 2019లో రాయదుర్గం దాకా వచ్చి అక్కడే ఆగింది.

ధర పెరగడానికి బిల్డరును తిట్టడం, కొత్తగా వచ్చినవాళ్లను తిట్టడం అలవాటైపోయింది. అసలు చూడాల్సింది ప్రభుత్వం వైపు. ఈ ప్రాంతంలో పెద్ద భూముల అమ్మకందారు ప్రభుత్వమే. ఏ పార్టీ ఉన్నా, ఖజానాకు డబ్బు కావాలంటే వేలమే దగ్గరి దారి. ఒక వేలంలో పలికిన ధర మర్నాటికి చుట్టుపక్కల కనీస ధరగా మారుతుంది. అది ఫ్లాటు ధరలోకి, ఫ్లాటు నుంచి అద్దెలోకి, అద్దె నుంచి టీకొట్టు గల్లాలోకి దిగుతుంది. ధర పెరిగితే లాభపడేవాడే ధర అదుపులో పెట్టాలంటే ఎలా పెడతాడు?

ఊళ్లో ఎవరికి ఏం దక్కింది

పట్టా ఉన్నవాళ్లు బాగుపడ్డారు. ముఖ్యంగా తొందరపడి అమ్ముకోకుండా, డెవలప్‌మెంటుకిచ్చి ఫ్లాట్లలో వాటా తీసుకున్నవాళ్లు. వాళ్లను చూసి ఊరంతా కోటీశ్వరులైందని అనుకుంటాం. లావణి పట్టాల మీద, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి మీద బతికిన కుటుంబాల కథ వేరు. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 నాటి చట్టం చెబుతుంది. బీదవాడి చేతి నుంచి భూమి జారిపోకూడదని తెచ్చిన చట్టం అది. చట్టం ఉన్నా తెల్లకాగితాల మీద అమ్మకాలు సాగాయి. చిన్న మొత్తాలకే భూమి చేయి దాటింది. ఇక గుంట భూమి కూడా లేనివాళ్లున్నారు: కౌలుకు కూరగాయలు పండించినవాళ్లు, బర్రెలు మేపి పాలు పోసినవాళ్లు, కూలీలు. గడ్డి పెరిగే బంజరు పోయాక బర్రె పోయింది. ఊరి ధర పెరిగినందుకు వీళ్లకు రూపాయి రాలేదు, అద్దె మాత్రం పెరిగింది.

కొత్తగా వచ్చినవాళ్లూ అందరూ ఒకటి కాదు. గుంటూరు, కరీంనగర్, కలకత్తా, లక్నో నుంచి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టి గేటు లోపల ఉంటారు. కోటిన్నర పెట్టి కొన్న ఇంటికి ఎండాకాలం ట్యాంకరు నీళ్లకు మళ్లీ డబ్బు కడతారు. వాళ్లనూ ఈ మార్కెట్ పిండుతోంది. ఇల్లు దొరకని పెళ్లికాని కుర్రాళ్లు, కులమో మతమో తినే తిండో అడిగి ‘లేదు’ అనిపించుకున్నవాళ్లు కూడా కొత్తవాళ్లే. ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికులు టవరు పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు. టవరు పూర్తయిన రోజు షెడ్డు ఎత్తేస్తారు. ఆ మనుషులు ఇంకో గుంత తవ్వే చోటికి పోతారు.

ప్రభుత్వం ఇళ్లు కట్టలేదా అంటే, కట్టింది. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒకచోట అన్ని ఇళ్లు కట్టడం చిన్న పని కాదు. అయితే పేదల ఇల్లు ఊరి చివరే ఉండాలన్న ఆలోచనే అందులోనూ ఉంది. నగరం నడిబొడ్డున పని చేసుకునే కుటుంబానికి కొల్లూరులో తాళంచెవి ఇస్తే ఇల్లు దక్కుతుంది, పని దూరమవుతుంది. రోజు కూలిలో బస్సు, షేర్ ఆటో ఖర్చు పోను ఏం మిగులుతుందో ఆ ఇంటి ఇల్లాలినే అడగాలి.

చెరువు గట్టున అందరూ

ఇంత విడివిడిగా బతికేవాళ్లు కలిసే చోటు ఒకటుంది. బతుకమ్మను సాగనంపడానికి పాత ఊరి ఆడవాళ్లూ, అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లూ చెరువు దగ్గరికే రావాలి. వినాయకుడూ అక్కడికే వస్తాడు. దీపావళి వెళ్లిన ఆరో రోజు ఛఠ్ పూజకు బిహారీ కుటుంబాలు చెరకు గడలు పట్టుకుని ఆ నీళ్లలోనే నడుముల్లోతు నిలబడతాయి. ఎవరూ ఎవరినీ పిలవకుండానే పండగ కలుస్తుంది. పోచమ్మ బోనం ఎత్తినప్పుడు టవర్ల పిల్లలు బాల్కనీల్లోంచి చూడటం కన్నా ఇది నాకు ఎక్కువ నమ్మకాన్నిచ్చే దృశ్యం.

ఆ చెరువులే కుంచించుకుపోతున్నాయి. శిఖం భూమి లేఅవుట్ అయింది, నాలా మీద కాంపౌండ్ వాల్ వచ్చింది. 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) అన్న మాట ఇంటింటికీ తెలిసింది. చెరువును కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అనుమతి కాగితం, బ్యాంకు రుణం రెండూ చూసుకుని కొన్న మధ్యతరగతివాడి గోడ కూలి, ఆ అనుమతి మీద సంతకం పెట్టిన అధికారికి ఏమీ కాకపోతే అది న్యాయం అనిపించుకోదు.

గండిపేట అవతలి ఒడ్డున కథ ఇంకో రకం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఇవతల ఎకరం కోట్లు పలుకుతుంటే అవతల రైతు బిడ్డ పెళ్లికి అరెకరం అమ్మబోతే సరైన ధర రాదు. ఆ రైతు కోపం న్యాయమైనదే. అయితే అదే 84 ఊళ్లలో ఫామ్‌హౌసులు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు ఎలా లేచాయో కళ్లున్నవాళ్లందరికీ కనిపిస్తుంది. జీవో పేదవాడిని ఆపినంత గట్టిగా పెద్దవాడిని ఆపలేదు. 2022లో దాన్ని ఎత్తేస్తామని ప్రకటించారు. నా మటుకు నాకు దాన్ని ఎత్తేయడం కన్నా, నగరానికి నీళ్లు కాపాడినందుకు ఆ రైతులకు ఏటా డబ్బు కట్టడం మేలు. టవర్ల మీద వసూలు చేసే అభివృద్ధి రుసుముల్లోంచి కొంత అటు పంపితే అది దానం కాదు, బాకీ తీర్చడం.

మార్కెట్ ఇప్పుడు చేవెళ్ల దారి పట్టింది. ఆ దారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు పని, దారి పొడవునా ఉన్న సుమారు 900 మర్రిచెట్ల కోసం ఏళ్ల తరబడి ఆగింది. చెట్ల కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. చెట్ల కోసం అడగగలిగినవాళ్లం మనుషుల కోసమూ అడగగలం. అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. తర్వాతి వేలం ప్రకటనలోనే ప్రతి లేఅవుట్‌లో కొంత భూమిని అమ్మకుండా పక్కన పెట్టి, ఆ చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు అద్దె ఇళ్లు కట్టాలని షరతు రాయాలి. ప్రభుత్వ బడికి, బస్సు డిపోకి, చెరువు గట్టుకి చేరే కాలిబాటకి స్థలం పటంలో గీశాకే పాట మొదలవ్వాలి. ఎకరానికి వంద కోట్లు పెట్టగలవాడు ఈ షరతులు చూసి పాట మానుకోడు. కాకపోతే ఓ పదో ఇరవయ్యో కోట్లు తగ్గించి పాడతాడు.