పిల్లలకు పాలు పడటం లేదా? తిట్టకండి!

“పాలు తాగనిదే బలమెలా వస్తుందిరా?” అంటూ గ్లాసు పట్టుకుని పిల్లల వెంట తిరగని తల్లి ఉంటుందా చెప్పండి! నేనూ తిరిగాను. మా చిన్నోడికి ఎనిమిదేళ్లు వచ్చేసరికి, పాలు తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని ఒకరోజు వీపు మీద రెండు వేశాను. “పాలు పడతలేవేమో, కొట్టకు బిడ్డా” అన్నది మా అత్తమ్మ. చివరికి ఇక్కడే తాండూరులో డాక్టరుగారికి చూపిస్తే, రెండు వారాలు పాలు ఆపి చూడమన్నారు. నొప్పి పోయింది! పెరుగన్నం మాత్రం హాయిగా అరిగింది. ఊరికే కొట్టానే అని ఎంత బాధపడ్డానో!

అసలు సంగతేమిటంటే, పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించేది చిన్నపేగులో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైము. అది తయారుచేసే జన్యువు మనందరి డీఎన్ఏలోనూ ఉంటుంది. చంటితనంలో బాగా పనిచేసి, తల్లిపాలు మానాక చాలామందిలో మెల్లగా తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి గ్యాసు పుడుతుంది.

మరి కొందరికి ముసలితనంలోనూ గ్లాసెడు పాలు ఎలా అరుగుతాయి? జన్యువు అదే, తేడా అంతా స్విచ్చిలో! మా ఇంట్లో బోరు మోటారు మావైపు ఉంటే, స్విచ్చి మా మరిది వాళ్ల గోడకుంది. ఇదీ అలాగే. లాక్టేజ్ జన్యువును నడిపే స్విచ్చి, సుమారు 14 వేల డీఎన్ఏ అక్షరాల దూరంలో, పక్క జన్యువులో ఉంది. అక్కడ ఒకే ఒక్క అక్షరం మారినవాళ్లకు ఆ స్విచ్చి పెద్దయ్యాక కూడా ఆగదు. ఫిన్లాండు శాస్త్రజ్ఞులు 2002లో దీన్ని కనిపెట్టారు. మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి మనదేశంలోనూ పరిశోధించారు. 2012లో అచ్చయిన ఆ వివరాల ప్రకారం, ఐరోపావాళ్లలో ఉన్న మార్పే మనవాళ్లలోనూ ఉంది. కాకపోతే ఉత్తరాన, పడమటన ఎక్కువ, మన దక్షిణాదిన తక్కువ. అంటే పాలు పడకపోవడం రోగమూ కాదు, మొండితనమూ కాదు.

స్విచ్చి గుట్టు తెలిశాక శాస్త్రజ్ఞులు ఊరుకుంటారా? తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించే తల్లుల బాధ మీకు తెలిసిందే. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు పనిచేసే హిమోగ్లోబిన్ వేరు. పుట్టాక ఒక జన్యువు దాన్ని ఆపేస్తుంది. రోగి మూలకణాలు బయటికి తీసి, ఆ ఆపే జన్యువు తాలూకు స్విచ్చిని కత్తిరించి తిరిగి ఎక్కిస్తే, పాత హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది! కాస్‌జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. ఖర్చు మాత్రం సామాన్యులకు అందేది కాదు.

మన పాల ఇబ్బందికి అంత చికిత్స అక్కర్లేదు, వంటిల్లు చాలు. తోడుపెట్టినప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది కనుక పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. పాలు ఖాళీ కడుపున కాకుండా, తిన్నాక కొంచెం కొంచెంగా ఇచ్చి చూడండి. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 ఉంటుంది. రాగిజావలో మజ్జిగ కలిపి ఇవ్వండి. నువ్వులుండలు చేసిపెట్టండి.

ఒక్క జాగ్రత్త! చంటిపిల్లలకు తల్లిపాలు మాన్పించకండి. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ బరువు తగ్గినా, పాలు తాగగానే దద్దుర్లు వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.

మీ ఇంట్లో ఎవరైనా పాలగ్లాసు చూసి మొహం తిప్పుకుంటే, తిట్టేముందు “తాగాక కడుపులో ఎలా ఉంటోంది?” అని అడగండి. ఆ ఒక్క మాట నేను అడగలేదు.