వంతెనకు అటు నిమ్మ, ఇటు చేప

నెల్లూరు నుంచి ముంబై రహదారి పట్టుకుని బుచ్చిరెడ్డిపాళెం దాటి పడమరగా పోతే పెన్న ఒడ్డున సంగం తగులుతుంది. ఊరికి రెండే గుర్తులు: సంగమేశ్వరుడి గుడి, ఆనకట్ట. బ్రిటిష్ కాలం నాటి పాత కట్ట మీది దారి పెన్నకు వరదొస్తే మునిగిపోయేది. 2022 సెప్టెంబరులో దివంగత మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరుతో కొత్త బ్యారేజీ తెరిచాక ఆ తిప్పలు తప్పాయి. దాని కింద 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు ఉందని అందరూ చెబుతారు. నాకు ఆసక్తి దాని మీది వంతెన మీద. ఇటు సంగం వైపు కాలువ నీళ్లకు పండే వరి, అక్కడక్కడా చేపల గుంటలు. అటు దాటితే పొదలకూరు దారి, నిమ్మతోటలు.

నిమ్మ సంగతి ఆ దారిన ఎవరినడిగినా చెబుతారు. ధర ఉంటే బస్తాకు వేలు పలుకుతుంది. పడిపోయిందా, కోత కూలి కూడా గిట్టదు. కాయ చెట్టు కిందే కుళ్లుతుంది. మార్కెట్లో ఏరి పారేసే మచ్చకాయ, పండిపోయిన కాయ సరేసరి.

ఇక గుంటల్లో పెరిగేది బొచ్చె, శీలావతి. తవుడూ చెక్కా కలిపి చిల్లుల సంచుల్లో నింపి గెడలకు కట్టి నీళ్లలోకి వేలాడదీస్తారు. చేపలు చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. ఎవరూ పాఠం చెప్పకుండా కోస్తా రైతులే కనిపెట్టుకున్న పద్ధతి ఇది, పైగా మేత అంతగా వృథా పోదు. అసలు భయం జబ్బులది. నీళ్లు పాడైతే ఎరోమోనాస్ బాక్టీరియా విజృంభిస్తుంది: ఒంటి మీద ఎర్రమచ్చలు, పుండ్లు, పొట్ట ఉబ్బు. అప్పుడు చేతికందేది యాంటీబయాటిక్. దాని అవశేషాలు దొరికి మన రొయ్యల సరుకు విదేశాల నుంచి తిరిగొచ్చిన కథలు ఈ జిల్లాకు కొత్త కావు.

పండు తొక్క పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో మన శీలావతి పిల్లలకు మేతలో అరటి తొక్క పిండి కలిపి 60 రోజులు పెట్టారు. 5 శాతం కలిపిన చేపలు బాగా పెరిగాయి, ఎరోమోనాస్ ఎక్కించినప్పుడు మిగతావాటికంటే ఎక్కువ తట్టుకున్నాయి. మోతాదు 7 శాతానికి పెంచితే మేలు పెరగలేదు. ఆ మరుసటి ఏడు కెన్యా పరిశోధకులు, శీలావతికి దాయాది అనదగ్గ విక్టోరియా సరస్సు చేప మీద నిమ్మ తొక్క నూనెతో అదే బాక్టీరియాను ఎదిరించి చూశారు. ఫలితం ఆశాజనకంగానే వచ్చింది. అయితే వాళ్లు వాడింది తీసిన నూనె. కుళ్లిన కాయ తెచ్చి గుంటలో గుమ్మరిస్తే జరిగేది వేరు: అది నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

లెక్క వేస్తే అసలు చిక్కు తెలుస్తుంది. టన్ను మేతకు 5 శాతమంటే 50 కిలోల పొడి. పచ్చి అరటి తొక్కలో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీళ్లే, కాబట్టి ఆ పొడికి సుమారు 500 కిలోల తొక్క పోగేయాలి, ఆరబెట్టాలి, దంచాలి. ఆరకముందే వాన తగిలితే బూజు. బూజు పట్టిందంటే అఫ్లాటాక్సిన్ విషం చేరొచ్చు, అప్పుడు మందు కాస్తా రోగమవుతుంది. నెల్లూరు ఎండకు ఆరబెట్టడం కష్టం కాదు, కానీ పోగేసేదెవరు? తోటలో కొట్టిన పురుగుమందు తొక్కకే అంటుకుని ఉంటుందన్నదీ మరవకూడదు.

విచిత్రమేమంటే ఈ జిల్లాలో చేపల గుంటల మాట వస్తే పత్రికల్లో పదేపదే కనపడేది మేతగా వేసే కోడి వ్యర్థాల గొడవ. ప్రభుత్వం వద్దన్నా వాటిని రాత్రికి రాత్రి చేరవేయడానికి వ్యాన్లు దొరుకుతాయి. కోడి పేగు మేత ఖర్చు మిగులుస్తుంది, తొక్క పొడి మిగల్చదు. అది మేతకు బదులు కాదు, మేతలో చిటికెడు మందు. జబ్బు రాక తప్పిపోయిన నష్టం ఏ రైతు ఖాతాలోనూ కనపడదు కదా, అందుకే తొక్క కోసం ఎవరూ వ్యాను కట్టరు. నా మట్టుకు సబ్సిడీ ఇవ్వాల్సింది మందుల సీసాకు కాదు, పొదలకూరు నిమ్మ మార్కెట్ పక్కన ఒక ఆరబెట్టే కల్లానికి.

ఇదే జిల్లాలో ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. నిమ్మ తొక్కను పరీక్షించి చూడాలంటే ఒక గుంట, నాలుగు సంచులు, ఒక వేసవి చాలు. శీలావతికి అరటి పిండి నచ్చిందని తెలుసు; నిమ్మ పొడి చేదుకు అది సంచి దగ్గరికి వస్తుందా, మూతి తిప్పుకుని పోతుందా అన్నది ముందు తేలాలి.